ముందు పెట్రోల్, ఆ తర్వాతే టైమింగ్: టర్బో కార్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల టర్బో పెట్రోల్ కార్ల మీద నాలుగు లైన్ల జవాబు ఒకటి వేశాం, దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చాలామంది అడిగింది ట్యూనింగ్ గురించే కాబట్టి ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేశాం. పేర్లు వేయొద్దని కొందరు రాశారు, అందుకని అందరికీ ఊరి పేరు మాత్రమే పెడుతున్నాం.

ప్రశ్న (కరీంనగర్): సార్, నాది పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్, కంపెనీ లెక్కలో 110 పీఎస్, 175 ఎన్ఎమ్. సిటీలో ఒక షాపువాళ్ళు స్టేజ్ 1 రీమ్యాప్ గంటలో చేసిస్తాం, 135 దాకా వస్తుంది అంటున్నారు. ఒక్క నట్టు విప్పకుండా ల్యాప్‌టాప్ పెట్టి పవర్ ఎట్లా పెంచుతారు సార్? లోపల ఏం మారుస్తారో తెలుసుకుని చేయించుకుందామని అడుగుతున్నా.

జవాబు: తెలుసుకుని చేయించుకుందామన్నారు చూడండి, ఆ మాట నాకు చాలా నచ్చింది. రీమ్యాప్ అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) లోపల ఉండే లెక్కల పట్టికల్ని మార్చడం, ఆ పట్టికలనే మ్యాప్ అనీ ఫైల్ అనీ అంటాం. విడిభాగాలు ముట్టుకోకుండా ఇంతవరకే చేస్తే స్టేజ్ 1. ముఖ్యంగా మారేవి మూడు. టర్బో (ఎగ్జాస్ట్ పొగ ఊపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నొక్కే పంకా) ఎంత గాలి తోయాలి అనే బూస్ట్ టార్గెట్ ఒకటి, ఆ గాలికి తగ్గ పెట్రోల్ ఒకటి, స్పార్క్ ఎప్పుడు పడాలి అనే ఇగ్నిషన్ టైమింగ్ ఒకటి. పెరిగే పవర్‌లో పెద్ద వాటా గాలిదే. ఎక్కువ గాలి లోపలికి పోతే ఎక్కువ పెట్రోల్ కాల్చొచ్చు, అంతే లెక్క. పెట్రోల్ ఆ గాలికి తోడుగా పోతుంది. టైమింగ్ మాత్రం వేరే సంగతి, దాన్ని ముందుకు జరిపితే ఊరికే పవర్ వస్తుందని అందరూ అనుకుంటారు గానీ టర్బో ఇంజన్లు ఎక్కువగా పోయేది అక్కడే.

ప్లగ్గులో స్పార్క్ పడగానే లోపలున్నదంతా ఒక్కసారి పేలిపోదు. మంట ప్లగ్గు దగ్గర అంటుకుని సిలిండర్ గోడల దాకా పాకాలి, దానికి టైమ్ కావాలి, 6000 ఆర్‌పీఎమ్‌లో క్రాంక్ ఒక్క మిల్లీ సెకన్‌లో 36 డిగ్రీలు తిరిగేస్తుంది కాబట్టి పిస్టన్ పైకి రాకముందే స్పార్క్ వేసేయాలి, దాన్నే అడ్వాన్స్ అంటాం. సైకిల్ తొక్కినవాళ్ళకి ఈ విషయం కాళ్ళకే తెలుసు. పెడల్ నిట్టనిలువుగా పైన ఉన్నప్పుడు ఎంత బలంగా తొక్కినా మోకాలు నొప్పే తప్ప బండి కదలదు, కొంచెం ముందుకి వాలాక తొక్కితే దూసుకుపోతుంది. సిలిండర్‌లో కూడా అంతే, పిస్టన్ పై అంచు దాటి దిగడం మొదలుపెట్టాక ఓ 15 డిగ్రీల దగ్గర ప్రెషర్ పీక్‌కి వస్తే టార్క్ బాగా వస్తుంది. అలా రావాలంటే స్పార్క్ ఎక్కడ పడాలో ఆ పాయింట్‌ని ట్యూనర్లు ఎంబీటీ అంటారు. దాన్ని దాటి ఇంకా ముందుకు జరిపితే పవర్ తగ్గడమే గానీ పెరగదు, లోపల వేడీ ప్రెషరూ మాత్రం పెరుగుతాయి.

టర్బోలో అసలు చిక్కు ఏంటంటే ఫుల్ బూస్ట్‌లో ఆ ఎంబీటీ దాకా పోనివ్వకుండానే నాకింగ్ అడ్డం వస్తుంది. గాలి దట్టంగా, వేడిగా ఉంటుంది కాబట్టి మంట త్వరగా పాకుతుంది, ఒత్తిడి ఎక్కువైపోయి మూలన ఇంకా కాలని మిశ్రమం దానంతటదే పేలుతుంది, అదే నాకింగ్. అందుకే హైవేలో మెల్లగా పోతున్నప్పుడు 30, 40 డిగ్రీల అడ్వాన్స్‌తో నడిచే ఇంజనే ఫుల్లుగా తొక్కినప్పుడు 10 డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చేస్తుంది. మంచి స్టేజ్ 1 ఫైల్ రాసినవాడు బూస్ట్ కొంచెం పెంచి, దానికి సరిపడా టైమింగ్ వెనక్కి లాగుతాడు. తొందరపడ్డవాడు రెండూ పెంచేస్తాడు, టెస్ట్ డ్రైవ్‌లో రెండోదే ఎక్కువ బాగుంటుంది, అదే ప్రమాదం.

షాపువాళ్ళని 135 వస్తుందా అని అడగకండి. ఈ ఫైల్ ఏ పెట్రోల్ మీద రాశారు, రీమ్యాప్‌కి ముందు తర్వాత లాగ్ (బండి నడుస్తుండగా ఈసీయూ నుంచి రాసుకున్న రీడింగులు) చూపిస్తారా, ఆ లాగ్‌లో బూస్ట్, లాంబ్డా (పెట్రోల్‌కి గాలి పాళ్ళు), టైమింగ్, ఒక్కో సిలిండర్‌కి నాక్ వల్ల ఎన్ని డిగ్రీలు వెనక్కి పోతోంది, లోపలికి పోయే గాలి టెంపరేచర్ ఇవన్నీ ఉంటాయా అని అడగండి. చూపించడానికి వెనకాడితే బండి తాళం వాళ్ళ చేతికివ్వొద్దు. వారంటీ ఉంటే పోతుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా ఏం అంటారో ముందే కనుక్కోండి. ఇంకో మాట, మీది మాన్యువల్ కాబట్టి పర్లేదు గానీ 1.5 టీఎస్ఐ, 7 స్పీడ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు. ఆ డ్రై క్లచ్ గేర్‌బాక్స్ డిజైన్ లిమిటే 250 ఎన్ఎమ్, ఆ ఇంజన్ ఫ్యాక్టరీ నుంచే 250 ఇస్తుంది. అక్కడ టార్క్ పెంచితే ముందు క్లచ్ బిల్లు వస్తుంది.

ప్రశ్న (నల్గొండ): ఈ కాలం ఇంజన్లన్నిటికీ నాక్ సెన్సార్ ఉంటుంది కదా అన్నా, నాకింగ్ వస్తే ఈసీయూనే టైమింగ్ తగ్గించుకుంటుంది. మరి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ పెట్టుకుంటే తప్పేంటి?

జవాబు: తమ్ముడూ, నా టేబుల్ మీద ఒక పిస్టన్ ఉంటుంది, షెడ్డుకి వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో పెడతా. చూడ్డానికి పైన అంతా బాగానే ఉంటుంది, మసి, కొంచెం ఆయిల్ మరక. పక్కకి తిప్పితే మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే సన్న గోడ బొటనవేలంత ముక్క ఊడిపోయి ఉంటుంది, ఆ అంచు మీద వేలు పెడితే పగిలిన పింగాణీ కప్పులా గీసుకుంటుంది. అది నాకింగ్ చేసిన పని. మూడు సిలిండర్ల టర్బో కారు అది, ఎవరో మెయిల్‌లో పంపిన ఫైల్ వేసుకున్నాడు కుర్రాడు, డిసెంబర్ అంతా బ్రహ్మాండంగా నడిచింది, మే నెలలో నలుగురు ఎక్కి ఏసీ వేసుకుని హైవేలో ఓవర్‌టేక్ కోసం ఫుల్లుగా తొక్కితే వెనక నీలం పొగ మొదలైంది. నా దగ్గరికి తెచ్చినప్పుడు ముందు ప్లగ్గులు తీశా. రెండో సిలిండర్ ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద సూది మొనంత వెండి చుక్కలు, మిరియాల పొడి చల్లినట్టు. అది మసి కాదు, పిస్టన్ అల్యూమినియం. హెడ్డు విప్పకముందే సంగతి తెలిసిపోయింది, నాకే చాలా బాధేసింది, ఆ కుర్రాడు అప్పటికీ ప్లగ్గులు మారిస్తే సరిపోతుందేమోనని నా మొహం వంక చూస్తున్నాడు.

మరి సెన్సార్ ఎందుకు కాపాడలేదు అంటే, ఆ ఫైల్ రాసినవాడు టైమింగ్ నాలుగు డిగ్రీలు పెంచాడు, సెన్సార్ దాన్ని మళ్ళీ మళ్ళీ వెనక్కి లాగుతుంటే చికాకుపడి నాక్ థ్రెషోల్డ్‌ని, అంటే ఎంత మోత వస్తే పట్టించుకోవాలి అనే హద్దుని, బాగా పెంచేశాడు. అంటే సెన్సార్ అరుస్తూనే ఉంది, ఈసీయూ చెవులు మూసేశారు.

అలా చెవులు మూయకపోయినా సెన్సార్ పరిమితి అర్థం చేసుకోవాలి. అది బ్లాక్‌కి బిగించిన ఒక పీజో క్రిస్టల్, సిలిండర్ సైజుని బట్టి 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర వచ్చే మోత కోసం వింటుంది. మోత విన్నాకే టైమింగ్ తగ్గిస్తుంది, అంటే మొదటి దెబ్బ పిస్టన్ తినేశాకే. అప్పుడప్పుడూ ఒక చిన్న దెబ్బకి ఏం కాదు, కంపెనీవాళ్ళు కూడా ఆ అంచుకి దగ్గర్లోనే నడుపుతారు. కానీ మ్యాప్ మొత్తం రోజూ సెన్సార్ మీద ఆనుకునే నడిస్తే ప్రతి ఓవర్‌టేక్‌కి కొన్ని దెబ్బలు, కల్తీ పెట్రోల్ పడిన రోజు, 43 డిగ్రీల ఎండ రోజు ఇంకొన్ని. ఇంకోటి, టైమింగ్ బాగా వెనక్కి పోతే మంట సిలిండర్‌లో పూర్తిగా ఆరకుండానే ఎగ్జాస్ట్‌లోకి వెళ్తుంది, అప్పుడు టర్బైన్ కాలుతుంది. కాబట్టి సెన్సార్ టైమింగ్ తగ్గించేసింది కదా సేఫ్ అనుకోవడం కూడా సగమే నిజం.

స్వీడన్ సాబ్ కంపెనీవాళ్ళు 1982 మోడళ్ళలో ఏపీసీ అని ఒక సిస్టమ్ పెట్టారు, నాకింగ్ వినపడితే టైమింగ్ జోలికి పోకుండా బూస్ట్‌నే తగ్గించేది. నాకు ఆ ఆలోచన ఇప్పటికీ సరైనదనే అనిపిస్తుంది. నాకింగ్‌కి మూలం ప్రెషరూ వేడీ, వాటినే తగ్గించమంది ఆ పెట్టె. నువ్వు లాగ్ చూసినప్పుడు ఏ సిలిండర్‌లో అయినా ఒకే ఆర్‌పీఎమ్ దగ్గర ప్రతిసారీ రెండు మూడు డిగ్రీలు వెనక్కి పోతుంటే అక్కడ మ్యాప్‌లోనే ఆ మూడూ తీసేయించు, ఇంకో డిగ్రీ అదనంగా కూడా. పవర్ తేడా సీట్లో కూర్చుంటే తెలియదు.

ప్రశ్న (హైదరాబాద్): నమస్తే సార్, నేను ట్రాక్ డేస్‌కి వెళ్తుంటాను, బండిలో వైడ్‌బ్యాండ్ గేజ్ (ఎగ్జాస్ట్‌ని బట్టి మిశ్రమం చూపించేది) పెట్టించాను. ఏఎఫ్ఆర్, అంటే గాలికీ పెట్రోల్‌కీ నిష్పత్తి, 14.7 ఉండాలని చదివాను, నాకు ఫుల్ థ్రాటిల్‌లో 11.8 చూపిస్తోంది. పెట్రోల్ వేస్ట్ అవుతోంది, లీన్ చేయించమని, అంటే పెట్రోల్ తగ్గించమని, మావారు అంటున్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 వల్లనా? ఏం చేయమంటారు?

జవాబు: ఏమీ మార్చొద్దమ్మా, బండి బాగుంది. 14.7 అనేది ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి అనే లెక్క. సిటీలో, హైవేలో మామూలుగా పోతున్నప్పుడు అక్కడే ఉండాలి, ఎందుకంటే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పని చేసేది అక్కడే. బూస్ట్‌లో మాత్రం కావాలనే ఎక్కువ పెట్రోల్ పోస్తాం. మట్టికుండ బయటికి చెమర్చిన నీళ్ళు ఆవిరైతే లోపలి నీళ్ళు ఎట్లా చల్లబడతాయో, ఎక్కువ పోసిన పెట్రోల్ ఆవిరవుతూ సిలిండర్‌లో వేడి లాక్కుంటుంది, పిస్టన్, వాల్వులు, టర్బో అన్నీ దాని నీడలోనే బతుకుతాయి. ఆ కాస్త పెట్రోల్ మీ ఇంజన్‌కి ఇన్సూరెన్స్ ప్రీమియం అనుకోండి, లీన్ చేయించి ఒక ల్యాప్‌లో మిగిలేది ఎంత, పిస్టన్ పోతే అయ్యేది ఎంత, మీవారికే లెక్క వేసి చూపించండి.

ఈ20 సంగతి మంచిగా పట్టుకున్నారు, ఇక్కడ చాలామంది మెకానిక్కులే తడబడతారు. గేజ్ లోపల సెన్సార్ కొలిచేది లాంబ్డా, అంటే కావాల్సిన దానికన్నా గాలి ఎంత ఎక్కువ ఎంత తక్కువ అనేది. దాన్ని 14.7తో గుణించి మీకు ఏఎఫ్ఆర్‌గా చూపిస్తుంది. మీ 11.8ని 14.7తో భాగిస్తే 0.80 లాంబ్డా, బూస్ట్‌లో ఉన్న ఇంజన్‌కి 0.78 నుంచి 0.85 మధ్య మంచి చోటు. ట్యాంకులో ఉన్నది ఈ20 అయితే నిజమైన సమతూకం 14.7 కాదు, దాదాపు 13.5, ఎందుకంటే ఇథనాల్‌కి కావాల్సింది కిలోకి 9 కిలోల గాలే. అంటే గేజ్ 11.8 అంటున్నా నిజంగా ఉన్నది 10.8 దగ్గర, అయినా పర్లేదు, లాంబ్డా 0.80 అంటే ఏ ఇంధనమైనా 0.80నే. గేజ్ సెట్టింగ్‌లో లాంబ్డా పెట్టేసుకోండి, ఈ గందరగోళమంతా పోతుంది.

ఒక్కటి చూసుకోండి. ఈ20కి పాత పెట్రోల్ కన్నా ఓ 8 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సార్ చూసి ఈసీయూ సర్దుకుంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం కొన్ని పాత ఈసీయూలు మ్యాప్‌లో ఉన్నదే గుడ్డిగా పోస్తాయి. మీ గేజ్ ఎప్పుడైనా బూస్ట్‌లో 0.88 దాటి పైకి పాకుతుంటే వెంటనే కాలు తీసేయండి. ఫ్యూయల్ పంపో, ఫిల్టరో, ఇంజెక్టరో ఏదో అందుకోలేకపోతోంది, అది తేలేదాకా ట్రాక్ వద్దు.

ప్రశ్న (విజయవాడ): మధ్యాహ్నం పూట పికప్ చచ్చిపోతుంది, రాత్రి పదింటికి అదే బండి పరిగెడుతుంది. సర్వీస్‌లో ఏ లోపం లేదన్నారు. వాటర్ మెథనాల్ కిట్ పెట్టమని ఒకాయన సలహా ఇచ్చాడు, పెట్టించనా?

జవాబు: సర్వీస్ వాళ్ళు నిజమే చెప్పారు. లెక్క చూడండి, బయట 40 డిగ్రీలు, టర్బో గాలిని రెండింతల ప్రెషర్‌కి నొక్కింది, కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పని చేసిందనుకున్నా టర్బోలోంచి బయటికొచ్చే గాలి 137 డిగ్రీలు. ఇంటర్‌కూలర్ ఆ పెరిగిన వేడిలో 70 శాతం తీసేసినా ఇంజన్‌లోకి పోయేది 69 డిగ్రీల గాలి. అదే డిసెంబర్ రాత్రి బయట 18 ఉంటే లోపలికి పోయేది 45. వేడి గాలి పల్చన కాబట్టి 7 శాతం గాలి అక్కడే పోయింది, దాని పైన నాకింగ్ భయంతో ఈసీయూ టైమింగ్ కొన్ని డిగ్రీలు వెనక్కి లాగుతుంది, మీకు కాలి కింద తెలిసేది ఈ రెండోదే ఎక్కువ. బెంజ్ సర్కిల్ దగ్గర పది నిమిషాలు ట్రాఫిక్‌లో నిలబడ్డాక ఇంటర్‌కూలర్ అల్యూమినియం అంతా వేడెక్కి కూర్చుంటుంది, సిగ్నల్ దాటి వెంటనే తొక్కితే ఇంకా దారుణంగా ఉంటుంది, ఓ రెండు కిలోమీటర్లు గాలి తగిలితే మళ్ళీ ప్రాణం వస్తుంది. బండి తనని తాను కాపాడుకుంటోంది, కాపాడుకోనివ్వండి.

నీళ్ళూ మెథనాలూ కలిపి లోపలికి పోయే గాలిలో చిమ్మి చల్లబరిచే ఈ వాటర్ మెథనాల్ కిట్ పని చేస్తుంది, అందులో అనుమానం లేదు. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ లాంటి తొలి టర్బో కారులోనే నీళ్ళు, మెథనాల్ కలిపిన ట్యాంకు ఉండేది, 10.25 కంప్రెషన్ ఉన్న ఇంజన్‌కి టర్బో పెట్టారు కాబట్టి నాకింగ్ ఆపడానికి అది తప్పలేదు. ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ ఆపేసే ఏర్పాటు కూడా పెట్టారు, జనం నింపడం మర్చిపోయేవాళ్ళు, బండి లాగట్లేదని కంప్లైంట్లు. అరవై ఏళ్ళు దాటినా మనుషులు మారలేదు, నీళ్ళు ఉన్నాయనుకుని టైమింగ్ పెంచి మ్యాప్ రాయించుకుంటారు, నాజిల్ మూసుకుపోయిన రోజు ఇంజన్ పోతుంది. మీకైతే అక్కర్లేదు, ఇంటర్‌కూలర్ ముందు పేరుకున్న దుమ్ము, పురుగులు మెల్లగా నీళ్ళ ప్రెషర్‌తో కడిగించండి, పైపుల క్లిప్పులు చూపించండి, చాలు.

ప్రశ్న (గుంటూరు): మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి పాత 1.3 లీటర్ నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి టర్బో బిగించాం, స్టాండలోన్ ఈసీయూ (విడిగా కొని మనమే మ్యాప్ రాసుకునేది) తెచ్చుకున్నాం. ట్రాక్‌కి మాత్రమే, రోడ్డు మీదకి తీసుకురాం. 150 హార్స్‌పవర్ మా టార్గెట్, 0.8 బార్ బూస్ట్ అనుకుంటున్నాం. ట్యూనింగ్ ఏ వరసలో చేయాలి? టైమింగ్ ఎక్కడ మొదలెట్టాలి?

జవాబు: టైమింగ్ చివర్లో, మీ ప్రశ్నకి అదే సగం జవాబు. ముందు ఇంజెక్టర్లు సరిపోతాయో లేదో కాగితం మీద తేల్చండి. టర్బో పెట్రోల్ ఇంజన్ ఒక హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 270 గ్రాముల పెట్రోల్ తాగుతుంది, 150కి దాదాపు 41 కిలోలు. నాలుగు ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోటి నిమిషానికి 228 సీసీ పోయాలి, ఇంజెక్టర్‌ని 85 శాతం టైమ్ కన్నా ఎక్కువ తెరిచి ఉంచకూడదు కాబట్టి 268 సీసీది కావాలి, ఈ20 కాబట్టి ఇంకో 8 శాతం కలిపితే 290. మీరు 330 నుంచి 350 సీసీవి తెచ్చుకోండి. 6000 ఆర్‌పీఎమ్‌లో ఒక సైకిల్‌కి ఉండేది మొత్తం 20 మిల్లీ సెకన్లే, ఆ టైమ్‌లో పోయలేకపోతే ఏ ల్యాప్‌టాప్ పోయించలేదు.

తర్వాత ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్. దానికి మానిఫోల్డ్ నుంచి ఒక సన్న గొట్టం పోవాలి, బూస్ట్ ఎంత పెరిగితే పెట్రోల్ ప్రెషర్ అంతే పెరగడానికి. మీరు ఆ గొట్టం తగిలించడం మర్చిపోయారనుకోండి, 3 బార్ ప్రెషర్‌లో ఇంజెక్టర్ మూతికి ఎదురుగా 1 బార్ బూస్ట్ తోస్తుంటే మిగిలేది 2 బార్, పోయే పెట్రోల్ 18 శాతం తగ్గిపోతుంది, అదీ సరిగ్గా ఎక్కువ కావాల్సిన టైమ్‌లో. పది రూపాయల గొట్టం ఇది. మీ 0.8 బార్‌కి కూడా దెబ్బ కొంచెం తక్కువే గానీ ఇంజన్ పోవడానికి సరిపోతుంది.

ఇంజన్ స్టార్ట్ అయ్యాక చేయాల్సిన మొదటి పని, దయచేసి ఇది వదలొద్దు, ఈసీయూలో టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర లాక్ చేసి క్రాంక్ పుల్లీ మీద టైమింగ్ లైట్ కొట్టి చూడండి. ల్యాప్‌టాప్ 10 అంటే పుల్లీ మీద కూడా 10 కనపడాలి. క్రాంక్ సెన్సార్ ఆఫ్‌సెట్ తప్పుంటే స్క్రీన్ మీద 12 కనిపిస్తూ లోపల 20 నడుస్తుంది, ఇలాంటి ఇంజన్లు బాగుచేసి బాగుచేసి నాకు విసుగొచ్చింది. ఆర్‌పీఎమ్ 4000 దాకా పెంచి కూడా చూడండి, గుర్తు కదలకూడదు.

అక్కడి నుంచి పెట్రోల్. ఐడిల్, తర్వాత బూస్ట్ లేకుండా లైట్ లోడ్, వైడ్‌బ్యాండ్ చూసుకుంటూ మ్యాప్ పట్టికలో ఒక్కో గడి సరి చేసుకుంటూ పోండి, ఇది ఒక సాయంత్రంలో అయ్యే పని కాదు, తొందరపడొద్దు. బూస్ట్‌లోకి వెళ్ళేటప్పుడు వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి వదిలి బూస్ట్‌ని అదుపులో ఉంచే మూత) స్ప్రింగ్ ఇచ్చే కనీస బూస్ట్ మీదే ఉండండి, లాంబ్డా 0.78 దగ్గర, టైమింగ్ బాగా వెనక్కి పెట్టుకుని మొదలెట్టండి. బూస్ట్ లేనప్పుడు ఫుల్ లోడ్‌లో ఆ ఇంజన్ నడిచే టైమింగ్ తీసుకుని ఒక్కో పీఎస్ఐ బూస్ట్‌కి ఒక డిగ్రీ తగ్గించడం పాత మెకానిక్కుల పద్ధతి, మొదలెట్టడానికి బాగుంటుంది, అదే ఫైనల్ అనుకోవద్దు. 0.8 బార్ అంటే 11.6 పీఎస్ఐ, అంటే 12 డిగ్రీల దాకా తగ్గుతుంది.

పెట్రోల్ కుదిరాక డైనో (రోలర్ల మీద బండి నడిపి పవర్ కొలిచే యంత్రం) ఎక్కించండి. ఒక్కో డిగ్రీ పెంచుతూ పుల్ (ఫుల్ థ్రాటిల్‌లో ఒక పరుగు) చేయండి, చెవికి నాక్ హెడ్‌ఫోన్ పెట్టుకోండి, స్టీలు గ్లాసులో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడు వినపడిందంటే అదే. ఒక డిగ్రీ పెంచితే టార్క్ 4, 5 ఎన్ఎమ్ పెరిగింది, ఇంకో డిగ్రీకి ఒకటే పెరిగింది, అంటే ఇక చాలు అని ఇంజనే చెప్తోంది, అక్కడి నుంచి రెండు డిగ్రీలు వెనక్కి వచ్చి ఆగండి. చప్పుడు ముందే వినపడితే మూడు డిగ్రీలు వెనక్కి. ఎగ్జాస్ట్ టెంపరేచర్ గేజ్ పెట్టుకోగలిగితే 900 డిగ్రీల దగ్గరే జాగ్రత్తపడండి, 950 దాటనివ్వొద్దు. ప్రతి రెండు మూడు పుల్స్‌కి ప్లగ్గులు తీసి భూతద్దంతో చూడండి, పైన చెప్పిన వెండి చుక్కలు ఒక్కటి కనపడినా ఆ రోజుకి ఆపేయండి. అన్నీ అయ్యాక ఫొటోలు పంపండి, నాకు చూడాలని ఉంది.

ప్రశ్న (డల్లాస్, టెక్సాస్): ఇక్కడ బంకులో 93 ఆక్టేన్ దొరుకుతుంది, నా బండి దాని మీదే ట్యూన్ చేయించా, సూపర్‌గా ఉంది. హైదరాబాద్‌లో మా తమ్ముడిది దాదాపు అదే ఇంజన్. ఇండియాలో 91 అంటున్నారు, రెండే తేడా కదా, నా ఫైల్ వాడికి పంపొచ్చా? ఇక్కడ దొరికే ఈ85 (ఎక్కువ భాగం ఇథనాల్ ఉండే ఇంధనం) మీద నా బండి ట్యూన్ చేయించొచ్చా?

జవాబు: పంపొద్దండీ, ఎందుకంటే ఆ రెండు నంబర్లూ ఒకే కొలత కాదు. ఆక్టేన్ అంటే పెట్రోల్ నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. అమెరికా బంకు మీద రాసేది రాన్, మాన్ అనే రెండు కొలతల సగటు, మన దగ్గర చెప్పేది రాన్ ఒక్కటే. మీ 93ని మన లెక్కలోకి మారిస్తే 97, 98 రాన్ అవుతుంది. బీఎస్6 మామూలు పెట్రోల్‌కి కనీసం 91 రాన్ ఉంటే చాలు, అది మీ దగ్గరి 87కి సమానం. ఇప్పుడు ఈ20 వచ్చాక ఇథనాల్ వల్ల 95 దగ్గరికి వచ్చిందని ప్రభుత్వమే చెప్పింది, అయినా మీ ఫైల్ కోరుకునేదాని కన్నా తక్కువే, పైగా మీది ఈ10 లెక్కతో రాసింది అయ్యుంటుంది, అప్పుడు వాడి బండిలో ఫుల్ థ్రాటిల్‌కి పెట్రోల్ కూడా చాలదు. లీన్‌గా, అడ్వాన్స్‌గా, హైదరాబాద్ ఎండలో. తమ్ముడికి ఇంత ఖరీదైన గిఫ్ట్ వద్దు. 100 ఆక్టేన్ పెట్రోల్ మన పెద్ద సిటీల్లో కొన్ని బంకుల్లో దొరుకుతుంది, కానీ రోజూ అదే పోయించాల్సిన ట్యూన్ పెట్టుకుంటే ఊరెళ్ళినప్పుడు దారిలో ఏం పోయిస్తాడు?

మీరు ఈ85 గురించి కూడా అడిగారు. అక్కడ ఈ85 అని అమ్మేదాంట్లో ఇథనాల్ సీజన్‌ని బట్టి 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు. ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సార్ పెట్టించుకోకుండా దాని మీద టైమింగ్ పెంచొద్దు, చలికాలం ట్యాంకు నింపిన రోజు మీ మ్యాప్ తప్పైపోతుంది.

ప్రశ్న (రాజమండ్రి): రీమ్యాప్ తర్వాత 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఫుల్లుగా తొక్కితే బండి దగ్గుతోంది. కాయిల్స్ కొత్తవే.

జవాబు: ప్లగ్గు గ్యాప్ చూడండి ముందు. ప్రెషర్ పెరిగేకొద్దీ స్పార్క్ ఆ సందు దాటడం కష్టం, బూస్ట్ ఎక్కడ ఎక్కువో అక్కడే ఆరిపోతుంది. 0.9 ఉంటే 0.7 మిల్లీమీటర్లకి తెండి, ఫీలర్ గేజ్‌తో, ఇరిడియం మొన తగలకుండా జాగ్రత్తగా. ప్లగ్గు ఒక స్టెప్ చల్లనిది (వేడిని త్వరగా వదిలేది) వేయమని ట్యూనర్ చెప్తే కొనేటప్పుడు గుర్తుపెట్టుకోండి, ఎన్‌జీకేలో నంబర్ పెరిగితే చల్లని ప్లగ్గు, బాష్‌లో నంబర్ తగ్గితే చల్లనిది. షాపులో రెండూ కలిపేసి తిరగేసి ఇచ్చేవాళ్ళని చూశా.

ప్రశ్న (తిరుపతి): మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు డీజిల్ బండ్లు నడిపిన మనిషి. కొత్త టర్బో పెట్రోల్ కారులో కూడా 40 స్పీడ్‌కే ఐదో గేర్ వేసేస్తారు, మైలేజ్ కోసం. మొన్న ఘాట్ ఎక్కుతుంటే అదే గేర్‌లో గట్టిగా తొక్కారు, ఇంజన్‌లోంచి సుత్తితో ఒక్కసారి కొట్టినట్టు టక్ అని వచ్చింది, మళ్ళీ రాలేదు. భయపడాలా?

జవాబు: దీన్ని తేలిగ్గా తీసుకోకండి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లలో తక్కువ ఆర్‌పీఎమ్, ఎక్కువ బూస్ట్ కలిసినప్పుడు స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఒకటి ఉంది, ఎల్ఎస్‌పీఐ అంటారు. సిలిండర్ గోడ మీది ఆయిల్ చుక్కలు పెట్రోల్‌తో కలిసి ఊడిపడి అంటుకోవడం దీనికి ఒక కారణం. ఇది టైమింగ్ తగ్గిస్తే ఆగేది కాదు, ఎందుకంటే అసలు స్పార్క్‌తో దీనికి సంబంధమే లేదు, ఒక్క దెబ్బకే పిస్టన్ పగిలిన ఇంజన్లున్నాయి. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉందో లేదో చూడండి, 2020లో వచ్చిన ఆ గ్రేడ్‌లో ఈ జబ్బుకి విడిగా టెస్ట్ పెట్టారు, కంపెనీ చెప్పిన చిక్కదనంలోనే ఎస్‌పీ పోయించండి. ఒకసారి ఓబీడీ స్కానర్ పెట్టించి మిస్‌ఫైర్ కోడ్స్ ఉన్నాయేమో, కంప్రెషన్ అన్ని సిలిండర్లకీ సమానంగా ఉందేమో చూపించండి.

నాన్నగారికి మెల్లగా చెప్పండి, ముప్ఫై ఏళ్ళ అలవాటు ఒక్క రోజులో పోదు, కోప్పడొద్దు. ఘాట్‌లో తొక్కే ముందు ఒక గేర్ దించమనండి, ఆర్‌పీఎమ్ ముల్లు 2000 పైన ఉండేలా. ఓ వారం పాటు పక్క సీట్లో కూర్చుని మీరే గుర్తు చేయండి.